పొయ్యి ఎంపిక సంఘం

ముప్పయ్యొక్క ఏళ్ళు నీటి సరఫరా కార్యాలయంలో కొనుగోళ్ళ విభాగం చూసి రిటైరైన ఆయన్ని ఆఫీసులో అందరూ వెనకాల ‘కొటేషన్లాయన’ అనేవారు. మూడు కొటేషన్లు చేతిలో పడందే గుండుసూది కూడా కొనని మనిషి. ఆ పేరు ఆయన చెవినా పడింది. లోలోపల అదో బిరుదనే అనుకునేవాడు.

రిటైరై ఎనిమిది నెలలైంది. ఆ ఎనిమిది నెలల్లో ఆయన ముందుకి ఒక్క ఫైలూ రాలేదు. అయినా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబుకి పెన్ను తగిలించుకుని, ఎవరైనా వచ్చి సంతకం అడుగుతారేమోనన్నట్టు హాల్లో కూర్చునేవాడు. ఎవరూ అడిగేవారు కాదు.

అలాంటి ఒక ఉదయం ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. పొయ్యి ఎడమవైపు మంట పూర్తిగా చచ్చిపోయిందనీ, కుడివైపుది ఎర్రగా మండుతూ గిన్నెలన్నీ మసి చేస్తోందనీ, బాగుచేసే అతను కూడా ఇక నావల్ల కాదని దండం పెట్టేశాడనీ, కొత్తది కొనుక్కోవాలనీ చెప్పింది.

ఆవిడ పెద్దాసుపత్రి వంటశాలకి పెద్ద. మూడు వందల మంది రోగుల తిండి ఆవిడ చేతి మీదే నడుస్తుంది. ఒకరికి ఉప్పు లేకుండా, ఒకరికి నూనె లేకుండా, ఇంకొకరికి పళ్ళు లేకపోయినా దిగేలా. గిన్నె లోపల నీళ్ళెంత మిగిలాయో మూత తీయకుండా చప్పుడుని బట్టి చెప్పేస్తుందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

ఆవిడ మాట పూర్తి కాకముందే ఆయన లేచి నిలబడ్డాడు. బీరువా మీదనుంచి కొత్త అట్ట ఫైలు తీసి, దుమ్ము దులిపి, ‘గృహ వంట ఉపకరణం – కొనుగోలు’ అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. ఎండిన చేనుకి వాన పడ్డట్టయింది ఆయన ప్రాణానికి.

ముందుగా ఎంపిక సంఘం వేశాడు. అధ్యక్షుడు తానే. సాంకేతిక సభ్యుడిగా బావమరిదిని, అంటే ఆవిడ తమ్ముణ్ణి, తీసుకున్నాడు. అతను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తాడు. కరెంటుతో నడిచేదే వస్తువనీ, తక్కినవన్నీ రాతియుగానివేననీ అతని గట్టి నమ్మకం.

“మరి నేనో?” అని అడిగింది ఆవిడ.

“వస్తువు కావాలని కోరినవాళ్ళు ఎంపికలో ఉండకూడదు. పక్షపాతం అవుతుంది. అవసరం తెలియజేశావు కదా, నీ పని అయిపోయింది.”

ఆవిడ ఒక్క క్షణం ఆయన వైపు చూసి, నవ్వి, డ్యూటీకి టైమవుతోందని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆ నవ్వుని ఆయన ఆమోదం కింద రాసుకున్నాడు.

ఆ తర్వాత పదకొండు షాపులు తిరిగాడు. ఎక్కడికి వెళ్ళినా కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, రంగురంగుల కాగితాలు చేతిలో పెట్టేవారు. ఇంటికొచ్చి వాటన్నిటినీ గుచ్చి గుచ్చి చదివి ఇరవయ్యేడు గళ్ళ పట్టిక తయారుచేశాడు. పై అద్దం మందమెంత, మంట వలయాలెన్ని, నాబ్ తిప్పితే చప్పుడొస్తుందా రాదా, ఆరిపోతే గ్యాసు దానంతటదే ఆగుతుందా, అద్దం మీద వేలిముద్రలు పడతాయా, ఇలా సాగింది అది. ఆ పట్టిక తయారుచేసిన మనిషి జన్మలో ఒకే ఒక్కసారి గుడ్డు ఉడకబెట్టాడు. ఆ రోజు గిన్నెలో నీళ్ళు పోయడం మర్చిపోయాడు.

ఆదివారం సంఘం సమావేశమైంది. గ్యాసు మాటే ఎత్తొద్దనీ, ఇండక్షన్ పొయ్యి తప్ప వేరే ఆలోచన దండగనీ బావమరిది తేల్చేశాడు. దాని మీద అయస్కాంతం అంటుకునే గిన్నెలే పనిచేస్తాయని ఆయన ఎక్కడో చదివాడు. ఇద్దరూ ఫ్రిజ్ తలుపు మీదున్న అయస్కాంతపు బొమ్మ పీకి వంటింట్లోకి దండెత్తారు. గిన్నె గిన్నెకీ ఆనించి చూశారు. అల్యూమినియం కుక్కర్‌కి అంటుకోలేదు. ఇత్తడి గిన్నెకి అంటుకోలేదు. చివరికి కత్తిపీటకి టక్కున అంటుకుంది.

“ఒకటుంది కదా బావగారూ,” అన్నాడు బావమరిది ఆశగా.

కత్తిపీట మీద కూర వండడం కుదరదని సంఘం ఏకగ్రీవంగా ఒప్పుకుంది. అయితే గిన్నెలన్నీ మార్చేద్దామన్నాడు బావమరిది. పొయ్యి కోసం గిన్నెలా, గిన్నెల కోసం పొయ్యా అన్న చర్చ మూడు ఆదివారాలు నడిచింది. గిన్నెల సంగతి ఈ సంఘం పరిధిలోకి రాదని నాలుగో ఆదివారం తీర్మానించి, గ్యాసు వైపు మొగ్గారు.

ఈలోగా ఇంట్లో ఒంటి మంట కాపురమే. అన్నం దించి కూర ఎక్కిస్తే, కూర అయ్యేసరికి అన్నం చల్లారేది. కూర ముందు వండితే అది చల్లారేది. రోజంతా మూడొందల మందికి వండి వచ్చిన మనిషి, ఇద్దరి తిండి కోసం గంటన్నర నిలబడేది. ఎంతవరకు వచ్చిందని అప్పుడప్పుడూ అడిగేది. సాంకేతిక దశలో ఉందని ఆయన జవాబిచ్చేవాడు. ఆవిడ మసిగిన్నె తోముకునేది. చల్లారిన అన్నం గురించి ఆయన నాలుక చివరిదాకా ఒక మాట వచ్చేది గానీ, ఎందుకైనా మంచిదని ముద్దతో పాటు మింగేసేవాడు.

ఆరో వారానికి నాలుగు మంటల నల్లద్దం హాబ్ ఒకటి పట్టికలో పైకొచ్చింది. వంటగట్టు రాతిలో పొదిగి పెట్టేది అది. ఇరవయ్యేడు గళ్ళలో ఇరవై నాలుగింటికి మార్కులు. ఆయన మురిసిపోయి, అట్టముక్క కత్తిరించి సరిగ్గా ఆ కొలతకే నమూనా చేసి, దాని మీద నాలుగు సున్నాలు కూడా చుట్టాడు. ఇంకా కొనలేదు. ధర విషయంలో రెండో విడత కొటేషన్లు రావాలి. కానీ వస్తువు వచ్చేలోగా తవ్వకం పని పూర్తిచేసి ఉంచడం ఆయన ఆఫీసులో ఆనవాయితీ. పైపులు రాకముందే వాళ్ళు తవ్వించిన కందకాల్లో పడి కాళ్ళు విరగ్గొట్టుకున్నవాళ్ళు ఆ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు.

ఆవిడ డ్యూటీలో ఉండగా రాతిమేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ కొలతల కాగితం చూసి, గట్టు చూసి, తల గోక్కున్నాడు.

“ఇది పై కొలతా అయ్యా, కోత కొలతా? పొయ్యి అంచు రాయి మీద ఆనాలి కదా.”

“కాగితంలో ఎంతుంటే అంతే కొయ్యి. కాగితం కంటే నీకెక్కువ తెలుసా?”

“కాగితానిదేముందయ్యా, చింపి ఇంకోటి రాసుకోవచ్చు. రాయి కోస్తే అతుక్కోదు.”

ఆయన కళ్ళెర్రజేశాడు. మేస్త్రీ గుడ్డ ముక్కుకి కట్టుకుని, కోత మొదలెట్టాడు. ఇల్లంతా పిండి చల్లినట్టయింది. పని ముగిశాక అతను కూలి పుచ్చుకుని వెళ్ళిపోయాడు.

ఆయన తన అట్టనమూనా తెచ్చి కన్నం మీద పెట్టాడు. అది ఒక్క క్షణం కూడా ఆగలేదు. నేరుగా జారి, కింద ఉన్న బంగాళదుంపల బుట్టలో పడింది. మళ్ళీ తీసి పెట్టాడు. మళ్ళీ పడింది. మేస్త్రీ అడిగిన మాట అప్పుడు అర్థమైంది. హాబ్ ఎంతుందో కన్నమూ అంతే ఉంది. అంచు ఆనడానికి వేలెడు రాయి కూడా మిగల్లేదు. ముప్పయ్యొక్క ఏళ్ళ సర్వీసులో ఎన్నో కన్నాలు చూశాడు గానీ, అవన్నీ ఊళ్ళోవాళ్ళ వీధుల్లో ఉండేవి. ఇది సొంతింట్లో ఉంది.

సాయంత్రం ఆవిడ వచ్చింది. వంటింటి గుమ్మంలోనే నిలబడి గట్టు వంక, కన్నం వంక, దుంపల మీద బోర్లా పడున్న అట్ట పొయ్యి వంక చూసింది.

“తవ్వకం పని పూర్తయింది,” అన్నాడు ఆయన సన్నని గొంతుతో.

ఆవిడ హాల్లోకి వెళ్ళి, ఆయన ఫైళ్ళ అలమరలోంచి ఒక అర పలక లాగి, దాన్ని కన్నం మీద అడ్డంగా వేసి, పాత పొయ్యిని దాని మీదకి ఎక్కించి బియ్యం కడిగింది. ఎసరు మరిగేటప్పుడు వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

“రేపు నాకు సెలవు. షాపుకి నేనొస్తాను.”

నిబంధన అని ఏదో మొదలెట్టాడాయన. తొమ్మిదింటికల్లా తయారుగా ఉండమంది ఆవిడ. ఉన్నాడు.

షాపుకి ఆవిడ పెద్ద గోనెసంచీతో వచ్చింది. అందులో ఏముందని దారంతా అడుగుదామనుకుని అడగలేకపోయాడు. లోపలికి వెళ్ళాక తెలిసింది. కుక్కరు, మూకుడు, పాలగిన్నె, అన్నం వండే ఇత్తడి గిన్నె ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. తళతళలాడే ఆ షాపులో మసిబారిన ఆ గిన్నెలు పెళ్ళికి పనిబట్టలతో వచ్చిన చుట్టాల్లా ఉన్నాయి. అమ్మకాల కుర్రాడు అద్దం మీద గీతలు పడతాయని కంగారుపడ్డాడు. గిన్నె పెడితేనే గీతలు పడే పొయ్యి మీద ఏం పెట్టాలి బాబూ అని ఆవిడ నెమ్మదిగా అడిగింది. అతను పక్కకి జరిగి దారిచ్చాడు.

ఇరవై నాలుగు మార్కుల హాబ్ దగ్గరికి ఆయనే తీసుకెళ్ళాడు. ఆవిడ ముందు వరసలో కుక్కరు పెట్టింది. దాని పక్కన మూకుడు పెట్టబోతే రెండు పిడులూ గుద్దుకున్నాయి. అన్నం గిన్నె వెనక పెడితే కుక్కరు నాబ్‌ల మీదకి వచ్చింది. నాలుగు మంటల్లో గిన్నెలు పట్టింది రెండింటికే. పాలు పొంగితే ఎక్కడికి పోతాయని వేలుపెట్టి వెతికింది. నాబ్ చుట్టూ ఉన్న సందులోకే పోతాయి. వెనక మంట మీద ఉన్నదాన్ని కలపాలంటే ముందు మంట మీదుగా చెయ్యి చాపాలి. ఆవిడ ముంజేతి మీద అలాంటి పాత మచ్చలు నాలుగున్నాయి. ఆయన వాటిని ఆ రోజే చూశాడు.

“నువ్వు ఇలాంటిదాని మీద వండావా బాబూ?” అని అడిగింది కుర్రాణ్ణి.

అతను అటూ ఇటూ చూసి, తనకి వంట రాదనీ, ఇంట్లో అమ్మ దగ్గర మామూలు స్టీలు పొయ్యే ఉందనీ ఒప్పుకున్నాడు. అలాంటిదే చూపించమంది ఆవిడ. షాపు వెనక మూల, అట్టపెట్టెల చాటున ఉన్నాయి అవి. మూడు మంటలు ఒకే వరసలో దూరదూరంగా ఉన్నది ఒకటి పట్టుకుంది. ఒకటి పెద్దది, ఒకటి మధ్యస్తం, ఒకటి పాలకి. గిన్నెలన్నీ ఎక్కించి చూసింది. ఒకదానికొకటి తగలకుండా కూర్చున్నాయి. గిన్నె పట్టే ఇనప కాళ్ళని చేత్తో ఊపింది. పొంగిన పాలు పట్టే పళ్ళేలు తీసి పెట్టి చూసింది. మొత్తం ఇరవై నిమిషాలు.

“అది మొదటి విడతలోనే తిరస్కరించాం. అద్దం లేదు, పైగా గట్టు మీద పెట్టేది, దానికి కన్నమే అక్కర్లేదు,” అన్నాడాయన. ఆ ఆఖరి మాట నోట్లోంచి వచ్చాక గానీ, దాని బరువేమిటో ఆయనకి తెలియలేదు.

ఆవిడ ఆయన చంకలోని ఫైలు తీసుకుని పట్టిక తెరిచింది. “ఇరవయ్యేడు గళ్ళున్నాయి. ఇందులో గిన్నె ఎక్కడుందండీ?”

ఆయన నిజంగానే వెతికాడు. ఒకటోదానినుంచి ఇరవయ్యేడోదాని దాకా వేలు పెట్టి వెతికాడు. లేదు.

రెండు రోజుల తర్వాత మేస్త్రీ మళ్ళీ వచ్చాడు, కన్నానికి రాతి పలక మూత బిగించడానికి. ఆయన మొహంలోకి చూడకుండా గట్టు వైపే చూస్తూ, కొలత మీరిస్తారా నన్నే చూసుకోమంటారా అని అడిగాడు. నువ్వే చూసుకో అన్నాడాయన. అంత పొట్టి ఉత్తర్వు ఆయన సర్వీసులో ఎన్నడూ ఇవ్వలేదు.

కొత్త పొయ్యి గట్టెక్కిన రోజు ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. పొయ్యిల గురించి ఇంత తెలిసిన మనిషి ఇంట్లో ఉండగా తను రెండు చోట్లా వండడం బాగాలేదనీ, తనకి మధ్యాహ్నం డ్యూటీ పడిన రోజుల్లో సాయంత్రం వంట ఆయనదేననీ. ఆయన బావమరిదికి ఫోను చేశాడు. అది సాంకేతిక విషయం కాదని బావమరిది తప్పుకున్నాడు.

మొదటిరోజు దుంపలు పైన మాడి, లోపల పచ్చిగా ఉన్నాయి. రెండోసారి మెత్తగా జావయ్యాయి. మూడోసారి వంటశాలకి ఫోను చేసి మంట ఎంతలో పెట్టాలని అడిగితే, చప్పుడు వినండి అని పెట్టేసింది ఆవిడ. ఆయన చెవి ఒగ్గి నిలబడ్డాడు. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత బుడబుడ తగ్గి సన్నగా చిటపటలు మొదలయ్యాయి. నీళ్ళు ఇగిరిపోతున్నాయని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. గబుక్కున మంట తగ్గించాడు.

ఆ రాత్రి ఆవిడ కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడింది. ఆయన కంచం తెచ్చి ముందు పెట్టి, మాట కోసం నిలబడ్డాడు. ఆవిడ కళ్ళు మూసుకుని తింటోంది. అలా తినడం ఆయన ఎప్పుడూ చూడలేదు. అసలు ఆవిడ తినేటప్పుడు చూసిన గుర్తే లేదు.

“ఇంకొంచెం వేయండి,” అంది కంచం జరిపి.

గిన్నెలో తన వంతుకని ఉంచుకున్న నాలుగు ముక్కలే మిగిలాయి. గరిటెతో అడుగు గీకి నాలుగూ ఆవిడ కంచంలో వేశాడు. తను ఆ పూట రొట్టె ముక్కా మజ్జిగతో సరిపెట్టుకున్నాడు. మర్నాడు ఇంకో రెండు దుంపలు ఎక్కువ తరిగాడు.