మూడో తరగతి లెక్కల పుస్తకం

మైనపు ముద్ద మీదుగా దారాన్ని మూడోసారి లాగి సూదికి ఎక్కించాక, అట్టలాయన ఆ పూట మొదటి రోగిని దగ్గరికి లాక్కున్నాడు. రోగి అంటే పుస్తకమే. ఎనిమిది వందల పేజీల లావుపాటి చరిత్ర. వెన్ను విరిగి, పొట్టలోంచి పేజీల మడతలు రెండు బయటికి వేలాడుతున్నాయి.

"ఏమ్మా, మళ్ళీ వచ్చావా?" అన్నాడు దానితో. "మొన్న ఎండాకాలమేగా కుట్టి పంపాను."

గ్రంథాలయంలో ఆయన గది వెనకవైపు, సైకిళ్ళ స్టాండుని ఆనుకుని ఉంటుంది. ఒక కిటికీ, ఒక బల్ల, చక్రం తిప్పితే బిగుసుకునే ఇనప ప్రెస్సు, జిగురు గిన్నె. గదంతా జిగురు వాసన. ఆయన దగ్గరా అదే వాసన, ఇంట్లో ఆయన తువ్వాలుతో సహా. మనిషి పొట్టి. గుండెల మీదికి దిగిన నెరిసిన గడ్డం. దారం బిగించీ బిగించీ కుడిచేతి చిటికెనవేలు వంగిపోయి, టీ గ్లాసు పట్టుకున్నప్పుడు కూడా కొక్కెంలా నిలబడుతుంది. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ, అందరికీ ఆయన అట్టలాయనే.

ఆయన దగ్గరికొచ్చే రోగుల్లో సగం నాలుగో బీరువావే. ఏటికి ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ మధ్య పదకొండేళ్ళు సాగిన అంతర్యుద్ధం మీద పుస్తకాలన్నీ అందులో ఉంటాయి. యుద్ధం ఆగి పాతికేళ్ళు దాటినా జనం వాటిని వదలరు. దళపతి ఒకటి రాశాడు, మంత్రి ఒకటి రాశాడు, దళపతి కారు నడిపినవాడు రెండు రాశాడు. ఏటి ఇవతలి పాఠకుడు మార్జిన్లో 'అబద్ధం' అని రాస్తే, అవతలి పాఠకుడు దాని కింద 'నువ్వు చూశావా?' అని రాస్తాడు. వాటన్నిటికీ అట్టలేసేది మాత్రం ఈయనే. ఒకసారి తోచక, అంత పెద్ద చరిత్రలో తనలాంటివాడికి ఎక్కడైనా చోటుందేమోనని వెనక పేజీల్లో విషయసూచిక వెతికాడు. 'బాంబులు' దాటాక నేరుగా 'భూసంస్కరణలు' వచ్చాయి. మధ్యలో బైండర్లు లేరు. సరేలెమ్మని ఆ పేజీకి పడిన చిరుగు అతికించి పంపేశాడు.

పుస్తకాలిచ్చే కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడ తలుపు దగ్గర నిలబడింది. ఆవిణ్ణి అందరూ కౌంటరమ్మ అంటారు.

"ఈ కొత్త పుస్తకం చూడండి, అరవయ్యో పేజీ తర్వాత తొంభయ్యో పేజీ వచ్చింది. మీ చలవేనా?"

"అది అచ్చాఫీసు వాళ్ళ నిర్వాకం. నా చేతిలోంచి వరస తప్పిన పుస్తకం ఒక్కటి బయటికెళ్ళిందని చూపించు, ఈ గడ్డం తీసేస్తాను."

"ఎన్నేళ్ళుగానో వింటున్నాను ఈ మాట. ఆ గడ్డం లోపల ఎలాంటి మొహం ఉందో చూడకుండానే పోయేట్టున్నాను," అంది కౌంటరమ్మ. వెంటనే పక్కకి జరిగింది. "ఇదిగో, మీ కోసం ఎవరో వచ్చారు."

వచ్చినావిడకి అరవై దాటి ఉంటాయి. చేతిలో నల్ల గొడుగు, చంకలో గుడ్డలో చుట్టిన పొట్లం. కూర్చోమనకుండానే కూర్చుంది.

"బయటి పుస్తకాలు కుట్టరటగా. అయినా వచ్చాను. మా అన్నయ్యది ఇది. గుండె జబ్బు ఆయనకి. డాక్టరు వారం అన్నాడు. మా అన్నయ్య డాక్టరుకి ఎదురు చెప్పే రకం కాబట్టి పది రోజులనుకోండి. నిన్న చేతిలోంచి జారి విడిపోయింది. పొద్దుటి నుంచీ ఇదే గొడవ. సాయంత్రానికి ఇవ్వగలరా?"

ఆవిడ గుడ్డ విప్పింది. పైన మూడు కోడిపిల్లల బొమ్మ, దాని కింద 'మూడో తరగతి లెక్కలు'.

అట్టలాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఒక్క మాట," అంది ఆవిడ. "ఉన్నది ఉన్నట్టు కుట్టమన్నాడు. ఒక్క కాగితం కూడా అటూ ఇటూ కాకూడదట."

"మధ్యాహ్నం డబ్బా తినే టైములో కుడతాను. అది నా టైము, గ్రంథాలయానిది కాదు. మీ ఇల్లెక్కడో చెప్పండి, వెళ్ళేటప్పుడు నేనే ఇచ్చిపోతాను."

ఆవిడ ఆశ్చర్యపోయి, అడ్రసు చెప్పి, గొడుగు మరిచిపోయి, మళ్ళీ వచ్చి తీసుకుని వెళ్ళింది.

అట్టలాయన తలుపు చేరవేసి పుస్తకాన్ని తిప్పి చూశాడు. ఆకుపచ్చ దారం. ముడి పైన కాకుండా లోపల, రెండో రంధ్రం దగ్గర. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట అలా ముడి వేసేవాడు ఈ ఊళ్ళో ఒక్కడే. ఆ దారం పక్క గదిలో బట్టలు కుట్టే అమ్మాయిది. అడిగిన ప్రతిసారీ ఆమె విసుక్కుంటూ ఇచ్చేది. విసుక్కుంటూనే తర్వాత ఆయన్ని పెళ్ళి కూడా చేసుకుంది.

అప్పటికాయనకి ఇరవై ఒక్కేళ్ళు. నిషేధించిన పుస్తకం ఒకటి రహస్యంగా అచ్చయి, మడత పెట్టిన ఫారాలుగా ఆయన గదికి చేరేది. ఫారం అంటే పదహారు పేజీల మడత. పదేసి ఫారాలు కుట్టి, అమ్ముడుపోని బడి పుస్తకాల అట్టలు చీల్చి పైన అతికించడం ఆయన వంతు. అలా అరవై పుస్తకాలు కుట్టాడు. యుద్ధంలో ఆయన చేసింది అంతే. ఊరేగింపుల్లో నడిచినవాడు కాదు, రాయి విసిరినవాడు కాదు. ఒక మధ్యాహ్నం మెట్ల మీద బూట్ల చప్పుడైతే ఫారాలన్నీ చాప కిందికి తోసి, దాని మీద కూర్చున్నాడు. లోపలికొచ్చిన సిపాయి, బల్ల మీద పూర్తయి ఉన్న పుస్తకం తీసి కోడిపిల్లల్ని చూశాడు. "మా వాడికి లెక్కలంటే చచ్చేంత భయం," అని నిట్టూర్చి పెట్టేసి వెళ్ళిపోయాడు. అతను వీధి దాటగానే చాప కింది ఫారాలు ఏరి, హడావుడిగా కుట్టేశాడు.

పన్నెండున్నరకి డబ్బా తెరవకుండా పక్కన పెట్టి, పాత దారం తెంపాడు. వెన్నుకి పట్టిన ఎండు జిగురుని తడిగుడ్డతో నానబెట్టి, పొరలు పొరలుగా గీకాడు. ఫారాలు విడిగా వచ్చాయి. ఆ రహస్య అచ్చులో పేజీలకి అంకెలు లేవు. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున ఆవగింజంత అక్షరం ఉండేది. బైండరు తప్ప ఇంకెవరూ దాన్ని పట్టించుకోరు. వరస చూసుకుంటూ ఒక్కో ఫారమే బల్ల మీద పేర్చాడు. అ. ఆ. ఏ.

చెయ్యి ఆగిపోయింది.

మళ్ళీ చూశాడు. ఏ. దాని తర్వాత ఇ, ఈ, ఉ. ఋ వాడని ఆ వరసలో ఎనిమిదో ఫారం మూడో చోట కూర్చుని ఉంది. ఆ మధ్యాహ్నం చాప కింది నుంచి ఏరి కుట్టింది ఈ పుస్తకమే అయ్యుండాలి.

చెవులు వేడెక్కాయి. గదిలో ఎవరూ లేకపోయినా చెయ్యి గడ్డం మీదికి పోయింది. పుస్తకం తెచ్చిన చెల్లెలు చెప్పిన మాట గుర్తుంది. అయినా తప్పని తెలిసీ తప్పుగా కుట్టడమా? ఆ మనిషికి వరస గురించి తెలియకపోవచ్చు. 'ఏ' ఫారం తీసి దాని చోట పెట్టేస్తే ఎవరికీ తెలియదు. తనకి తప్ప. అలాగే తీశాడు. పదీ సర్ది, అంచులు తట్టి, సూది అందుకున్నాడు. అప్పుడు పెన్సిలు గీతలు కళ్ళబడ్డాయి.

రెండోదైన 'ఆ' ఫారంలో చివరి వాక్యం సగంలో ఆగింది: 'మనం ఆయుధం చేతపట్టే ముందు'. అసలు వరసలో దాని తర్వాత రావలసింది 'ఇల్లూ వాకిలీ మరిచిపోవాలి' అని. కానీ ఈ పుస్తకంలో తర్వాత వచ్చింది, గెలిచిన మర్నాడు చెయ్యాల్సిన పనుల గురించి రాసిన 'ఏ' ఫారం. అది ఇలా మొదలవుతుంది: 'ఊరూరా బడులు తెరవాలి. అవతలి వాళ్ళ పిల్లలకూ అందులో చోటుండాలి.'

మనం ఆయుధం చేతపట్టే ముందు ఊరూరా బడులు తెరవాలి.

రెండు పేజీల్లోనూ ఆ వాక్యం కింద మూడేసి గీతలు. పక్కన సన్నటి అక్షరాలతో, 'అంతే కదా. ఇంత తేలిక మాట ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?' మిగతా అతుకుల దగ్గర మాట పొసగక ఊరికే ప్రశ్నార్థకాలు. ఆ తర్వాత మార్జిన్ల నిండా లెక్కలు. ఎన్ని పలకలు, ఎన్ని బెంచీలు, పైకప్పుకి ఎన్ని రేకులు. నిజంగానే మూడో తరగతి లెక్కలు.

అట్టలాయన చాలాసేపు కిటికీలోంచి సైకిళ్ళని చూశాడు. తర్వాత 'ఏ' ఫారం బయటికి లాగి, తప్పు చోటనే పెట్టి, కుట్టడం మొదలుపెట్టాడు. తెలిసి తెలిసి వరస తప్పించి కుట్టడం జీవితంలో అదే మొదటిసారి. మొదటి రెండు కుట్లకి చెయ్యి ఎదురు తిరిగింది. మూడో కుట్టుకి లొంగింది.

సాయంత్రం ఆ ఇంటి తలుపు చెల్లెలే తీసింది. ముందు గదిలో కిటికీ పక్కన, ఎత్తైన దిళ్ళకి ఆనుకుని ఒక సన్నటి మనిషి కూర్చుని ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి, కళ్ళు మాత్రం పోలేదు. ఆ వీధిలో ఆయన్ని మాస్టారంటారు.

మాస్టారు పుస్తకం అందుకుని అట్ట చూడలేదు. నేరుగా మూడో ఫారం దగ్గర తెరిచి, చదివి, మూసి, గుండెల మీద పెట్టుకున్నాడు.

"మార్చలేదు మీరు," అన్నాడు. "మంచి బైండరైతే సరిచేసేస్తాడని భయపడ్డాను."

అట్టలాయన చెప్పులు విప్పిన చోటే నిలబడి ఉన్నాడు. "సరిచేశాను, మాస్టారూ. మళ్ళీ పాడుచేశాను." పుస్తకం వెన్ను వైపు వేలు చూపించాడు. "అసలు మొదట పాడుచేసిందీ నేనే. ఇది నా కుట్టే."

మాస్టారు ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. ఆ తర్వాత దిళ్ళు కదిలేంతగా నవ్వాడు. చెల్లెలు పరుగున వచ్చి వీపు నిమరాల్సి వచ్చింది.

"కుర్చీ వెయ్యవే ఈయనకి! ఎన్నేళ్ళుగా వెతుకుతున్నానో తెలుసా మీకోసం? మొదట తిట్టడానికి, తర్వాత దండం పెట్టడానికి."

టీ వచ్చింది. మాస్టారు మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. పుస్తకం జైల్లో ఆయన చేతికొచ్చింది. ఆరేళ్ళలో పదకొండుసార్లు చదివాడు. బయటికొచ్చాక స్నేహితులు తుపాకి ఇచ్చి కొండల్లోకి రమ్మన్నారు.

"ముందు బడి కట్టాలి కదా అన్నాను. పిచ్చెక్కిందా అన్నారు. పుస్తకంలోనే ఉందన్నాను. లేదన్నారు. తెరిచి చూపించాను. అచ్చులో ఉన్నదాన్ని ఎలా కాదంటారు? ముగ్గురు నాతో ఉండిపోయారు. కొండల్లోకి వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చింది ఒక్కడు."

మాస్టారు ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకున్నాడు.

"ఏటి వంతెన దగ్గర రేకుల షెడ్డులో మొదలెట్టాం. మొదటి రోజు ఇటు నుంచి ఏడుగురు, అటు నుంచి నలుగురు. మధ్యాహ్నానికల్లా కొట్టుకున్నారు. సాయంత్రానికి కలిసిపోయి మమ్మల్ని కొట్టారు."

"మరి తప్పు సంగతి ఎప్పుడు తెలిసింది మీకు?"

"యుద్ధం ఆగాక, వేరే ప్రతి చూసినప్పుడు. అప్పటికి మూడొందల మంది పిల్లలు. నా సిద్ధాంతం బైండింగు పొరపాటని ఎవరికి చెప్పుకోను? రోజంతా ఒక్కణ్ణే నవ్వుకున్నాను." మాస్టారు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆదివారం రండి. మీతో ఇంకో పని ఉంది."

"వస్తాను," అన్నాడు అట్టలాయన. మెట్లు దిగేటప్పుడు తను ఈల వేస్తున్నట్టు రెండో మలుపు దాకా ఆయనకే తెలియలేదు.

ఇంట్లో భార్య బటన్లు కుడుతూ అంతా విన్నది. దారం పళ్ళతో తెంపి అంది.

"అయితే మీరు దేశానికి చేసిన ఒక్క మంచి పనీ పొరపాటున చేశారన్నమాట. అదీ నా దారంతో."

"అవును."

"ఆకుపచ్చ రీలు సగం మీరే కాజేశారు. అప్పుడే అనుకున్నాను, దేనికో దానికి పనికొస్తుందని." ఆయన మొహంలోకి చూసింది. "మరి గడ్డం?"

మర్నాడు గ్రంథాలయంలో పని ఒక పావుగంట ఆగిపోయింది. కౌంటరమ్మ కళ్ళు తుడుచుకునేంతగా నవ్వి, "చిన్నపిల్లాడి మొహం దాచుకున్నారు ఇన్నాళ్ళూ," అంది. ఆయన రోజంతా చల్లగా అనిపిస్తున్న చెంపల్ని తడుముకుంటూ నాలుగో బీరువా పుస్తకాలు కుట్టాడు.

ఆదివారం తలుపు తీసిన చెల్లెలు ఎవరో అనుకుని, "ఎవరు కావాలండీ?" అంది. తర్వాత వంకర చిటికెనవేలు చూసి గుర్తుపట్టింది. పక్కకి తొలగి దారి ఇచ్చింది.

"గురువారం మధ్యాహ్నమండీ," అంది. "డాక్టరు చెప్పిన వారం కంటే ముందే. దాంట్లో కూడా ఎదురే చెప్పాడు. ఏదో రాసుకుంటూ, కాస్త కునుకు తీస్తానన్నాడు. పావుగంట పోయాక చూశాను." ఆవిడ మొహం ప్రశాంతంగానే ఉంది. "బడి పిల్లలంతా వచ్చారు. పిల్లలంటే, కొందరికి బట్టతలలు. వంతెన అటువాళ్ళూ ఇటువాళ్ళూ. ఎవరు మొయ్యాలని అప్పుడు కూడా పోట్లాడుకున్నారు. ఆయన వింటే సంతోషించేవాడు."

అట్టలాయన లేని గడ్డాన్ని నిమురుకున్నాడు. ముందు గదిలో దిళ్ళు తీసేశారు. కిటికీ తెరిచే ఉంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"మీకిమ్మని ఒకటి పెట్టాడు," అంది చెల్లెలు. "బడి గురించి, జైలు గురించి, పోయినవాళ్ళ గురించి, ఇరవై ఏళ్ళుగా రాసుకున్నవి. పేజీలకి అంకెలు వెయ్యవయ్యా అంటే వినలేదు. ఆ పని చేసే మనిషి దొరికాడులే అన్నాడు."

కిటికీ పక్క కుర్చీలో కాగితాల కట్ట ఉంది. పైజామా నాడాతో రెండు వైపులా బిగించి కట్టి ఉంది. పై కాగితం మీద వణుకుతున్న అక్షరాలతో 'బైండరు గారికి, వరస మీ ఇష్టం' అని, ఆ మాటల పక్కనే టీ గ్లాసు అడుగు గుండ్రటి మరక.