ఒక మనిషి పట్టేంత చోటు

మదనపల్లె బజారులో నాకు పేరు తెచ్చింది నా కెమెరా కాదు, నేను వదిలే ఖాళీ. యుద్ధం రోజుల్లో పుంగనూరు నుంచీ కుప్పం నుంచీ పట్టాళానికి పోయినవాళ్ల ఇళ్లవాళ్లు ఫోటోకు వచ్చేవాళ్లు. అందరినీ నిలబెట్టి, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి తీసేవాణ్ణి. ఆ కుర్రవాడు పోయే ముందు దిగిన ఫోటో గాజు పలక నా దగ్గరే ఉండేది. దాన్ని తీసి, వాణ్ణి ఆ చోటులో అచ్చువేసేవాణ్ణి. అతుకు కనబడేది కాదు. "నూరుల్లా చేస్తే బిడ్డ ఇంటికొచ్చినట్టే" అనేవాళ్లు. రాని బిడ్డల సంగతి నేనెప్పుడూ అడగలేదు. అడిగితే బేరం పోతుంది.

మా అబ్బాయి రసూల్ పట్టాళానికి పోలేదు. తుపాకీ అంటే భయమని మద్రాసు పోయి, ఓడలో బొగ్గు వేసే పనికి కుదిరాడు. నలభై రెండులో ఆ ఓడ విశాఖపట్నానికి అవతల సముద్రంలో మునిగింది. తంతి వచ్చింది. చదివి, మడిచి జేబులో పెట్టుకుని, అప్పటికే వచ్చి కూర్చున్న పెళ్లివాళ్లకు ఫోటో తీశాను. అప్పట్నుంచీ నాకేమీ అనిపించలేదు. అదేం గుండె అని జనం అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

నా భార్య కమరున్నీసా అసలు నమ్మనే లేదు. ఊరందరిదీ ఒక దారి అయితే ఆమెది ఇంకో దారి. పోయినవాడి పేరిట ఫాతిహా చదివించనివ్వలేదు. పూటపూటా వాడి కంచం కడిగి మా కంచాల పక్కన పెట్టేది. అది చూస్తూ అన్నం తినాలి నేను. ఏళ్లు గడిచాయి, ఇక వదిలెయ్యమ్మా అని మసీదు పెద్దలు వచ్చి చెప్పారు. వాళ్లు పోయాక నాతో అంది.

"గోరీ యాడుండాదో సూపించు. అప్పుడు సదివిస్తా."

"సముద్రంలో గోరీ యాడుంటాది?"

"అయితే ఆ సముద్రమే సూపించు. ఫోటో తీసుకొని రా. వాడికి చోటు వదిలి తియ్యి."

ఆ చివరి మాటలోనే ఉంది ఆమె మొండితనం. చోటుంటే వాణ్ణి అక్కడ నిలబెట్టమంటుంది. నిలబెడితే ఆ కంచం మా ఇద్దరి ప్రాణం పోయేదాకా లేవదు. చోటు లేని సముద్రాన్ని తేవాలి.

యుద్ధం ముగిశాక రెండు గాజు పలకలు సంపాదించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కెమెరా పెట్టె పట్టుకుని రైలెక్కాను. విశాఖపట్నం దాటి ఒక జాలరిపల్లెకు నడిచాను. ఒడ్డంతా రాళ్లు. రాళ్లు నాకు కొత్త కాదు, మా ఊరి చుట్టూ ఉన్నవే. తడిసి మెరిసే రాళ్లే కొత్త.

స్టాండు కాళ్లు రాళ్ల సందుల్లో ఇరికించి నల్లగుడ్డలో తలదూర్చాను. కెమెరా వెనక అద్దంలో ఏదైనా తలకిందులుగానే కనబడుతుంది. సముద్రం పైన, ఆకాశం కింద. నా కొడుకును మింగిన నీళ్లు అవే. ఏమీ అనిపించలేదు. గడ్డమెత్తమంటే ఎత్తదు, కదలొద్దంటే వినదు, ఇదేం గిరాకీ అని విసుగు మాత్రం పుట్టింది.

ఎడమవైపు పెద్ద బండ, దాని వెనక నీటి అంచు. బాగానే కుదిరింది. చూస్తే కుడివైపు బల్లపరుపు రాతి మీద ఒక మనిషి పట్టేంత చోటు. కెమెరా జరిపి ఇంకో బండను చేర్చాను. చోటు ఎడమవైపుకు వచ్చింది. ఎటు తిప్పినా నా చేతులు వాడికి చోటు చేస్తూనే ఉన్నాయి.

వల మోసుకుపోతున్న జాలరి ఒకడు ఆగాడు. "ఎవుల్ని తీత్తన్నావు బాబూ? ఆడ ఎవులూ నేరు గదా."

"దాన్నే తీస్తాండాను" అన్నాను.

మొదటి పలక మీద ఆ చోటునే తీశాను. ఎందుకో చెప్పలేను. రెండో పలకకు కెమెరాను కిందికి దించి, రాళ్లకు దగ్గరగా జరిపి, అల వచ్చి బండల మీద విరిగేదాకా ఆగి తీశాను. ఈ అంచు నుంచి ఆ అంచుకు రాయి, నురగ. సూది మోపే సందు లేదు.

ఇంటికొచ్చి రెండో పలకను అచ్చువేసి ఇచ్చాను. కమరున్నీసా వాకిట్లో కూర్చుని చాలాసేపు చూసింది. ఒక్కో రాయినీ వేలితో తడిమింది.

"వాణ్ణి యాడ నిలబెడతావు?"

నేను కెమెరా పెట్టె మూత బిగించాను.

"చోటు లేదు" అని తనే అంది. లేచిపోయి వాడి కంచం కడిగి, తుడిచి, అటక మీద బోర్లించింది.

ఆ శుక్రవారమే ఫాతిహా. ఇంటినిండా చుట్టాలు. పనుందని చెప్పి నేను చీకటి గదిలోకి పోయాను. చోటున్న పలక తీశాను. రసూల్ మద్రాసు పోయే ముందు నేను తీసిన పలకా తీశాను. వాణ్ణి ఆ బల్లపరుపు రాతి మీద నిలబెట్టాను. వాడి ముఖం మీద వెలుగు ఎడమ నుంచి పడుతోంది, సముద్రం మీద కుడి నుంచి. అతుకు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. అయినా నిలబడ్డాడు, తల దువ్వుకుని, ఎరువు తెచ్చుకున్న బూట్లతో. కడగడానికి కాగితాన్ని నీళ్ల తొట్టిలో వేసి, తలుపు తీశాను.

అన్నానికి పిలవడానికి వచ్చిన కమరున్నీసా గుమ్మంలో ఆగిపోయింది. తొట్టిలో నీళ్ల అడుగున మా వాడు ఉన్నాడు.

"నీళ్లలో నుంచి తియ్యి వాణ్ణి" అంది.

సరిగ్గా కడగని ఫోటో కొన్నేళ్లకు పచ్చబడి చెరిగిపోతుంది. ఆ మాట ఆమెకు చెప్పలేదు. తొట్టిలో చేతులు పెట్టాను. వేళ్లకు కాగితం అంచు దొరకలేదు. అప్పటికి గాని నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు. ఆమే వంగి, రెండు చేతులతో వాణ్ణి బయటికి తీసింది.