పురుగుకు పస్తు

మైనపు రిబ్బను మళ్లీ తెగింది. ఏసీ మళ్లీ ఎవరో పెంచారు; చలికి మైనం పెళుసెక్కుతుంది. నొసలు రుద్దుకుని ఆయన కోత యంత్రపు చక్రాన్ని వెనక్కి తిప్పాడు. మిల్లీమీటరు కూడా లేని సముద్రపు చదును పురుగును మైనంలో పొదిగి, మూడు వందల పొరలుగా, రిబ్బనులా కోసి, వరస తప్పకుండా గాజుపలకల మీద పరచడం ముప్పై నాలుగేళ్లుగా ఆయన ఉద్యోగం. రోజుకు పది మాటలు మించి మాట్లాడని ఆ మనిషికి తోటివాళ్లు పెట్టిన పేరు కోతలరాయుడు.

పదిన్నరకు పరిశోధకురాలు జన్యు ఫలితాలతో వచ్చింది. తిన్నని ముల్లు పురుగుకూ వంకర ముల్లు పురుగుకూ జన్యువు అక్షరం పొల్లుపోకుండా కలిసిందట. రెండూ ఒకే జాతి అంటూ సాయంత్రం వ్యాసం పంపేస్తున్నారట. ఆ ముల్లు మగ అవయవంలోనిది, వెంట్రుక కంటే సన్నం. దాని వంకరను ఇరవై రెండేళ్ల క్రితం మొదట పట్టింది ఆయనే. ఆ జాతిని జాబితాలోంచి కొట్టేస్తే, ఆయన కన్ను చూసినదంతా చూపు దోషం కిందే లెక్క.

“పస్తు పెట్టారా?” అన్నాడు.

“పురుక్కి పస్తేంటి బాబాయ్?”

“జన్యువు తీయడానికి పురుగును రుబ్బేముందు వారం రోజులు తిండి పెట్టొద్దని గోడకి రాసి అంటించాను. గోడకి చెప్పుకున్నట్టే అయింది.”

విసుగ్గా ఒక గాజుపలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, కుర్చీ ఖాళీ చేశాడు. వంకర ముల్లు పురుగు పేగులో, సగం అరిగిన ముద్ద నడుమ, సూదిలా నిటారుగా ఇంకో ముల్లు.

“అది తిన్నది తిన్నని ముల్లు దాన్నమ్మా. మీ యంత్రం చదివింది దాని భోజనాన్ని.”

ఆమె సూక్ష్మదర్శినిలో ఇంకోసారి చూసింది. తర్వాత, వ్యాసం ఆపిస్తానంది. కోతలరాయుడు కోతలు కోయడని అందరికీ చెబుతానంది. ముప్పై నాలుగేళ్లుగా విన్న హాస్యమే. ఆయన నవ్వలేదు.

మధ్యాహ్నమంతా కూర్చుని, బతికున్న వంకర ముల్లు పురుగులను తొమ్మిదింటిని ఏరాడు. ఒకదాన్నొకటి మింగకుండా, వడపోసిన సముద్రపు నీళ్లలో, తొమ్మిది గుంటల గాజుపళ్లెంలో గుంటకొకటి చొప్పున వదిలాడు. అయిదున్నరకు చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లాడు.

మర్నాడు రాలేదు. తెల్లవారేసరికి నిద్రలోనే పోయాడని భార్య ఫోను చేసింది. సెలవు చీటీ ఎవరికి పంపాలని అడిగిందట, అలవాటు కొద్దీ.

ఎనిమిదో రోజున రుబ్బిన ఆ పురుగుల జన్యువు తిన్నని ముల్లు దానితో కలవలేదు. వ్యాసంలో రెండు జాతులూ నిలిచాయి. పళ్లెం ఖాళీ అయింది. గుంటల అంచున ఉప్పు గీతలు మిగిలాయి. పళ్లెం మూత మీద ఆయన పెన్సిలుతో రాసి అంటించిన చీటీని మాత్రం ఎవరూ పీకలేదు: “పస్తు. జాలిపడి ఎవరూ ఏమీ వేయకండి.”