ఉండేది ఒక్కదాన్నే

అబద్ధమాడటం ఆ పిల్లకి చేతకాదు. ఆడక ఆడక ఒక్కటి ఆడింది, అది కాస్తా అతికినట్టు సరిపోయింది. అదే కొంప ముంచింది.

అమ్మానాన్నా పోయాక, తొమ్మిదేళ్ళప్పుడు, నెలల పిల్ల, చెల్లెలు చిట్టిని చంకనెత్తుకుని అనాథాశ్రమంలో చేరింది. పద్దెనిమిది నిండగానే ఆమెని బయటికి పంపేశారు, చిట్టి లోపలే ఉండిపోయింది. దానికితోడు కొత్తగా ఓ రూలు పెట్టారు. పదేళ్ళు నిండిన పిల్లల్ని, రైల్లో ఒక పగలంతా ప్రయాణం చేస్తే తప్ప చేరలేని పెద్ద ఆశ్రమానికి మార్చేస్తారట. వచ్చే నెలతో చిట్టికి పదేళ్ళు. ఆలోపు అక్క ఓ ఇల్లు చూపిస్తే, ఆశ్రమాల ఆఫీసరు వచ్చి చూసి, చిట్టిని అప్పగిస్తారు.

అక్క పని యూనిఫాంల షాపులో. పొద్దస్తమానం చొక్కాలకి కాజాలు కుడుతుంది. ఇల్లు వెతుకుతున్నానని కటింగ్ మాస్టారి చెవిన వేసింది. ఆయనకి ఉచిత సలహాలంటే మహా సరదా.

"పిల్లలున్నారంటే ఎవడూ ఇల్లివ్వడమ్మా. ఒక్కదాన్నే అని చెప్పు. చేరాక ఎవరడుగుతారు?"

ఎంత తెలివో చూశారా! ఈ పిచ్చిదీ తలాడించింది.

ఇంటాయన రిటైరైన కాంపౌండరు. పైన ఒకే గది, వంటకి ఓ మూల, రెండు కిటికీలు. చిట్టి మంచం ఈ కిటికీ కింద వేయాలని చూడగానే అనుకుంది. ఇంతలో ఆయన పెన్ను తీసి, "ఎంతమంది ఉంటారమ్మా?" అన్నాడు.

"ఒక్కదాన్నేనండీ."

"నీకెవరూ లేరా తల్లీ?"

"లేరండీ" అనేసింది. ఆయన అగ్రిమెంటులో అదే రాసుకున్నాడు, ఆమె సంతకం పెట్టింది.

చేరిన మొదటిరోజు సాయంత్రం కిందికి దిగొచ్చి, "లైటు వేసుకోవచ్చాండీ?" అని అడిగింది. ఆశ్రమంలో అన్నిటికీ అడగాల్సిందే కదా! కాంపౌండరు భార్య నవ్వబోయి, ఆ మొహం చూసి ఆగిపోయింది. "నీ ఇల్లమ్మా అది. నీ ఇష్టం" అంది. ఆ మాటకి అక్క రెండు రోజులు గాల్లో నడిచింది.

ఆఫీసరు చెప్పకుండా వచ్చాడు, ఆమె షాపులో ఉన్న వేళ. కాంపౌండరు ఎదురెళ్ళి కుర్చీ వేశాడు. అద్దెకున్న పిల్ల గురించి ఎవరో వాకబు చేస్తున్నారనుకున్నాడు. పెళ్ళి సంబంధమేమోనని కూడా అనుమానించాడు పాపం. నాలుగు మంచి ముక్కలు చెప్పాలిగా!

"బంగారంలాంటి పిల్లండీ. ఒక్కతే ఉంటుంది. వెనకాముందూ ఎవరూ లేరు, నాతో తనే చెప్పింది. ఇదిగో, రాసుకున్నాం కూడా" అని కాగితం చూపించాడు. ఆఫీసరు తన కాగితంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

సంగతి తెలిశాక కాంపౌండరు తల పట్టుకున్నాడు. "ముందే చెబితే ఇవ్వనన్నానా తల్లీ? మా ఆవిడకి పిల్లలంటే ప్రాణం!" అంటూ కొత్త అగ్రిమెంటు రాసి, ఆమెతోపాటు ఆఫీసుకి పరిగెత్తాడు.

"కాగితం మార్చారు, బాగానే ఉంది. చెల్లెలే లేదన్న మనిషికి చెల్లెల్ని అప్పగించమని ఎలా రాయనమ్మా? రిపోర్టు పైకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఏడాదికే విచారణ" అన్నాడు ఆఫీసరు. కోప్పడినా బాగుండేది. ఆయన మెల్లగా, జాలిగా చెప్పాడు.

ఆదివారం ఆశ్రమానికి వెళ్ళింది. దారంతా ఏవేవో సాకులు కూర్చుకుంది. ఇల్లు చిన్నదని చెప్పాలా, నీళ్ళు రావని చెప్పాలా? చిట్టి ఎదురొచ్చి చెయ్యి పట్టుకునేసరికి అన్నీ మర్చిపోయింది. ఇంకో అబద్ధమాడే ఓపిక లేదు. వరండా మెట్టు మీద కూర్చోబెట్టుకుని జరిగిందంతా చెప్పేసింది.

చిట్టి శ్రద్ధగా వింది. ఏడవలేదు. ఎక్కడో అర్థం కాలేదేమో, అడిగింది.

"ఆయన ఎవరూ లేరా అంటే, నేనున్నానని చెప్పలేదా అక్కా?"

"చెప్పలేదే" అంది అక్క.

చిట్టి అక్క చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసేసుకుంది.