పదిలో ఎనిమిది

ఇబ్రహీంపట్నం మండలంలోని ఒక ఊళ్లో పది మంది పిల్లలకు తట్టు లేచింది. మరునాడే ఫోన్లలో ఒక మెసేజ్ తిరిగింది: 'పది మందిలో ఎనిమిది మంది తట్టు సూది వేయించుకున్నవాళ్లే. సూదే రోగం తెస్తోంది.'

దుబాయిలో ఉన్న నరేశ్ దాన్ని భార్య శైలజకు పంపి, వెంటనే వాయిస్ పెట్టాడు. "బిడ్డకు సూది ఏయించకు. నా మాట దాటినవంటే మంచిగుండదు."

బిడ్డకు తొమ్మిది నెలలు నిండాయి. సూది ఆ రోజే. అంగన్‌వాడీలో నర్సు ఇంద్రమ్మ పొద్దుటి నుంచి కూర్చున్నా తల్లులెవరూ రాలేదు. ఇంట్లో అత్త చంద్రవ్వ గడపకు అడ్డంగా కాళ్లు చాపి కూర్చుంది.

శైలజ ఆ మెసేజ్ మళ్లీ చదివింది. అబద్ధమా అంటే కాదు. ఆ పిల్లలు ఆమెకు తెలుసు. ఎనిమిది మందికీ సూది పడింది. కానీ ఊళ్లో సూది పడని పిల్లలు అసలెందరు? ఆ ముక్క మెసేజ్‌లో లేదు. ఇంద్రమ్మకు ఫోన్ చేసింది.

"మేడం, మన ఊర్ల సూది పడని పిల్లలెందరు?"

"సూది ఈడు దాటినోళ్లల్ల నలుగురే. వాళ్లల్ల ఇద్దరికి తట్టు లేసింది."

"పడ్డోళ్లు?"

"రెండొందల దాక ఉంటరు. వాళ్లల్ల ఎనిమిది మందికి. అచ్చుడుంటే జల్ది రా, నేను సర్దుకుంటున్న."

శైలజ బిడ్డను చంకకెత్తుకుంది.

"అత్తమ్మా, సూది పడనోళ్లల్ల సగం మందికి తట్టు లేసింది. పడ్డోళ్లల్ల నూటికి నలుగురికే. ఊరంత సూది పడ్డోళ్లే ఉన్నరు, గందుకే రోగమచ్చినోళ్లల్ల గూడ వాళ్లే ఎక్కువ కనవడుతున్నరు."

"నీ లెక్కలు నాకు తెల్వయి. పొల్లకేమన్నయితే?"

"సూది లేక తట్టు లేస్తే?"

చంద్రవ్వ మనవరాలి మొహంలోకి చాలాసేపు చూసింది. చివరికి కాళ్లు ముడుచుకుని లేచింది.

"నడు. నేనూ అస్త."

సూది వేయించిన వారానికి బిడ్డ ఒళ్లు వేడెక్కింది. ఇలా కావచ్చని ఇంద్రమ్మ ముందే చెప్పినా శైలజ రాత్రంతా మేలుకునే ఉంది. చంద్రవ్వ తడిగుడ్డతో మనవరాలి ఒళ్లు తుడిచింది. రెండు రోజులకు జ్వరం దిగి, బిడ్డ పాలు తాగింది.

అప్పుడు శైలజ నరేశ్‌కు తనే ఫోన్ చేసి అంతా చెప్పింది. అతను అరిచాడు. తర్వాత ఆ లెక్క రెండోసారి చెప్పించుకున్నాడు.

"గా మెసేజ్ నువ్వు ఎవలెవలికి పంపినవ్?" అని అడిగిందామె.

"మనోళ్ల గ్రూపులన్నిట్ల పెట్టిన."

"గా గ్రూపులల్లనే గీ లెక్క గూడ పెట్టు. పక్కింటి మొగిలవ్వ మనుమనికి ఇంక సూది పడలే. వాళ్ల నాయిన గూడ గండ్లనే ఉన్నడు."