మేస్త్రీ వేసిన సిమెంటు

ఓడరేవు ఒడ్డునున్న పాత కస్టమ్స్ ఆఫీసు మెట్ల మీద మేస్త్రీ చతికిలబడ్డాడు. పొద్దుటి నుంచి నిచ్చెన ఎక్కి దిగుతున్నది ఇంజినీరమ్మ అయితే, అలసట మాత్రం ఈయనకొచ్చింది. భయాన్ని అలసట అని చెప్పుకోవడం ఆయనకు అలవాటే. నూట యాభై ఏళ్ల కట్టడాన్ని కాపాడాలో కూల్చాలో ఇవాళ ఆవిడ తేల్చేస్తుంది.

ఆవిడ కింది గోడను తట్టింది. పెచ్చు ఊడి, వెనకాలే ఉప్పుపొడి బొలబొలా రాలింది.

"గోడ గుల్లయిపోయింది మేస్త్రీ గారూ. పడగొట్టమనే రాయాలి. నాకేమన్నా సరదానా?"

"అదేంటండీ! ఇరవై ఏళ్ల కింద మా నాన్న చెయ్యి పడబట్టే ఇన్నాళ్లు నిలబడింది," అంది కూతురు. ఆమె కూడా మేస్త్రీయే, తండ్రి దగ్గరే పని నేర్చుకుంది.

ఆయన కూతురి వైపు చూడలేక, రాలిన పెచ్చు వైపు చూశాడు.

అప్పట్లో సున్నం నానబెట్టి నెల రోజులు ఆగే ఓపిక ఎవరికుంది? కాంట్రాక్టరు తొందరపెట్టాడు, ఈయన సిమెంటు కలిపి మెత్తేశాడు. సున్నమైతే సముద్రపు తడి వచ్చిన దారినే ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. లోపల ఉప్పు పేరుకుని పూతను బయటికి నెట్టింది. ఈ సంగతి ఆయనకు ఆలస్యంగా తెలిసింది. తెలిశాక నోరు మెదిపితే పెద్ద మేస్త్రీ అన్న పేరు ఏం కాను?

నిట్టూర్చి లేచాడు. ఉలి తీసి నాలుగు దెబ్బలు వేశాడు. సిమెంటు పలకలా ఊడిపడింది. వెనక ఇటుక పైపైన పొడిబారింది గానీ, ఇంకాస్త లోపలికి కొడితే ఖంగుమంది.

"రోగం గోడకు లేదమ్మా, ఈ సిమెంటుతో వచ్చింది. వేసింది నేనే. పదేళ్లుగా తెలిసీ నోరు మూసుకున్నాను. ఇది ఒలిచి, ఆరబెట్టి, సున్నం పూస్తే ఇంకా చాలా కాలం ఉంటుంది."

ఇంజినీరమ్మ ఉలి అందుకుని మరో మూడు చోట్ల కొట్టి చూసింది. కాగితం మీద 'కూల్చివేత' అన్న మాట కొట్టేసి, ఉలి మెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

కూతురు ఒడ్డు వెంట బారుగా ఉన్న పాత గోదాముల వైపు చూస్తోంది.

"నాన్నా, పోయినేడు ఆ మూడింటికీ నేను సిమెంటే వేశాను. నువ్వు పక్కనే ఉన్నావు. బాగా వేశావన్నావు."

ఆయన తల సిగ్గుతో వాలిపోయింది. కూతురు మెట్టు మీది ఉలి తీసుకుని, ఆయన కోసం ఆగకుండా, మొదటి గోదాము వైపు నడిచింది.