పద్నాలుగు మందికి వంట

మూడు రాళ్ళ పొయ్యిలోకి తొడ లావు మొద్దును దోపి ఫజల్ గట్టిగా ఊదాడు. మంట భగ్గున లేచి గిన్నె చుట్టూ పాకింది. గిన్నె ఒక పక్కకు ఒరిగి, కాసేపు ఆగి, రెండో పక్కకు ఒరిగింది. "నిలబడవే, నీ తల్లి!" అని దాన్నే తిట్టాడు. ముప్పై ఏళ్ళుగా అతను వండింది దేగుల్లో. పక్కన కూర్చుంటే మెడ దాకా వచ్చే రాగి దేగులవి. ఈ అల్యూమినియం గిన్నె ఆడపిల్లల బొమ్మరింటి సామానులా కనిపించింది. దీంట్లో ఎవడైనా వండుతాడా అసలు!

సిద్దిపేటలో ఉత్త ఫజల్ అంటే ఎవరూ గుర్తుపట్టరు. వంట ఫజల్ అంటే మాత్రం పాత బస్టాండు వెనక సందు దాకా వచ్చి ఇల్లు చూపించి పోతారు. మనిషి ఆరడుగులు. కనుబొమ్మలు సగం మంటలకు ఆహుతయ్యాయి. ముంజేతుల నిండా నూనె చిందిన మచ్చలు. పొగకు కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండడంతో కొత్తవాళ్ళు తాగాడనుకుంటారు, పాపం చాయ్ తప్ప ఏదీ ముట్టని మనిషిని. పెళ్ళి బాజాల మీదుగా అరిచీ అరిచీ మామూలుగా మాట్లాడ్డం మరిచిపోయాడు. ఇంట్లో మంచినీళ్ళు అడిగితే పక్కింటివాళ్ళు తెచ్చి ఇచ్చేవారు.

వంట కోసం అతను తిరగని ఊరు లేదు. కోహెడ, తొగుట, వర్గల్, అన్నీ పోయాడు. కానీ తొగుట ఎట్లా ఉంటుందని అడిగితే ఒక ఇంటి పెరడు గురించి చెబుతాడు. అక్కడ చింతచెట్టు ఉందనీ, గాలి పడమర నుంచి కొడుతుందనీ చెబుతాడు. ఊరు చూడలేదు. పొద్దుగూకే వేళకు దేగులు దింపడం, పెరట్లో పొయ్యిలు తవ్వడం, అందరూ తిన్నాక అడుగు గోకి తినడం, తెల్లారి దేగులు ఎక్కించుకుని రావడం. ఈమధ్య పెళ్ళిళ్ళకు వీడియో తీస్తున్నారు కదా, వందల పెళ్ళిళ్ళు వండినవాడు ఒక్క క్యాసెట్టులోనూ కనబడడు. ఒకదాంట్లో మాత్రం గరిటె పట్టుకున్న చెయ్యి కనబడిందట. ఆ చెయ్యి తనదేనని నెల రోజులు చెప్పుకున్నాడు.

అలాంటివాడికి ఉన్నట్టుండి గోదావరి యోగం పట్టింది. ఆడపిల్లల హైస్కూల్లో ఆటలు నేర్పే స్వరాజ్యలక్ష్మి టీచరు, ఆమెతో పాటు ఇంకొందరు టీచర్లు కలిసి రబ్బరు పడవల మీద నదిలో పోతారట. మంథని దగ్గర ఎక్కి కాళేశ్వరం దగ్గర దిగడం. దారిలో మూడు రాత్రులు ఇసుక తిన్నెల మీద గుడారాలు వేసుకుని పడుకోవడం. తోవ చూపడానికి హైదరాబాదు నుంచి ప్రభాకర్ అనే అతను వచ్చాడు. "వంటకు ఒక మనిషి కావాలె ఫజల్ భాయ్, ఎవరన్న ఉంటే..." అని టీచరు అంటుండగానే "నేనొస్త" అనేశాడు ఫజల్. పొయ్యి దగ్గర పని లేనప్పుడు పడవలో ఊరికే కూర్చోవచ్చు, తినేవాళ్ళతో పాటు కూర్చుని తినవచ్చు, రెండు ఒడ్లూ చూడవచ్చు. ఆ సంగతి తలుచుకుంటేనే అతనికి నవ్వు ఆగలేదు. బజారంతా చెప్పేశాడు. చాయ్ హోటల్లో అందరూ అతన్ని "ఏం కెప్టెన్ సాబ్" అని పిలవడం మొదలుపెట్టారు కూడా.

ప్రభాకర్ మాత్రం మెలిక పెట్టాడు. పడవలో దేగు పట్టదు, గరిటె పట్టదు. పద్నాలుగు మందికి సరిపోయే రెండు గిన్నెలు ఇచ్చి, "రేపు పగటికి మీ ఇంట్ల వీటిల్నే వండు భాయ్. మేం వచ్చి తింటం. మంచిగుంటే సాయంత్రం వ్యాన్ల నీకొక సీటు. లేదంటే డబుల్ రొట్టెలు, అరటిపండ్లు కట్టుకుని పోతం" అన్నాడు. ఉన్నది ఒక్కటే సీటు. ఆ "రేపు" ఇవాళే.

పొద్దున చేసిన ఖిచ్డీ సంగతి చెప్పుకోకపోవడమే మంచిది, కానీ చెప్పక తప్పదు. ఫజల్ చేతికి చిన్న లెక్క రాదు. ఉప్పు అంటే పిడికిలి నిండాలి. చాలా తగ్గించానని అనుకుంటూనే సగం పిడికిలి వేశాడు. పోనీ రుచి చూసుకున్నాడా అంటే, అదీ లేదు. దేగు దింపాక ఫాతిహా చదవాలి, ఆ తర్వాతే ఎవరి నోట్లోనైనా మెతుకు పడాలి, వండేవాడు ముందు ఎంగిలి చెయ్యకూడదు. అతని ఉస్తాద్ అట్లా నేర్పాడు. మూత కాస్త జరిపి ముక్కుకు ఆవిరి పట్టించుకుంటే చాలు, ఉప్పు చాలిందో లేదో ఫజల్ చెప్పేస్తాడు. కానీ చిన్న గిన్నెలో ఆవిరి ఎంతని వస్తుంది? ముక్కు దాకా రాకముందే గాలికి పోయింది. చల్లారాక ఒక ముద్ద నోట్లో వేసుకుని అక్కడే ఊసేశాడు. ఇంటి మేక ముందు పెడితే అది మూతి ఆనించి, తల విదిలించి, అతని ముఖంలోకి చూసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు రెండోసారి పొయ్యి రాజేస్తుంటే ఇంట్లోంచి నవ్వు వినిపించింది. బషీరున్నీసా తలుపు పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సన్నటి మనిషి, భర్త భుజం దాకా కూడా రాదు. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే అయినా, నవ్వొచ్చినా కోపమొచ్చినా ఆమె నోటికి తెలుగే వస్తుంది.

"మేక నయం. టీచరమ్మ గిట్ల తినుంటే ఆ గోదారి మొత్తం తాగినా దూప తీరకపోవు" అంది.

"నవ్వకు! పొద్దు నడినెత్తికి వస్తుంది" అని ఫజల్ అరిచాడు. అరిచాడే కానీ గొంతులో పస లేదు. హోటల్లో రేపు ముఖం ఎట్లా చూపించడం? అంతకంటే, ఆ పడవ. చేతి దాకా వచ్చిన పడవ. దిగులుతో అక్కడే చతికిలబడ్డాడు.

"జరుగు" అంది ఆమె.

జరిగాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆమె వండుతుంటే అతను ఎన్నడూ చూడలేదు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఇంటికి వచ్చి పడుకునేవాడు, పనిలేని రోజుల్లో బజారుకు పోయేవాడు, పళ్ళెం ముందుకొస్తే తినేవాడు. బషీరున్నీసా ముందు ఆ మొద్దును లాగి పడేసి, చేతి వేళ్ళంత పుల్లలు పేర్చింది. మసూరు పప్పూ బియ్యమూ కడిగింది. గిన్నెలో చూపుడు వేలు నిలబెట్టి మొదటి గీత దాకా నీళ్ళు పోసింది. అది చూసి ఫజల్‌కు గుండె ఆగినంత పనయ్యింది.

"వేలితోనా?"

"మరి నీ లెక్క కట్టెతోని కొలవాల్నా?"

ఉప్పు వేళ్ళ కొసలతో వేసింది. కొంచెం సేపయ్యాక చెంచాతో తీసి, ఊది, నాలుక మీద పెట్టుకుని రుచి చూసింది. ఫజల్ "తౌబా" అన్నాడు. "ఇది పెండ్లి కాదు, ఫాతిహా కాదు. నలుగురి ఆకలి. ఊకో" అని ఆమె ఇంకో చిటికెడు వేసింది. ఖిచ్డీలోకి పుల్లటి ఖట్టా చెయ్యడానికి చింతపండు పిసుకుతూ తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెప్పుకుపోయింది. "మా చెన్నూరుల గోదారి దాటి పుచ్చకాయల చేన్లకు పోయెటోళ్ళం. పుట్టిల పది మందిమి ఎక్కేది. అది గిర్ర గిర్ర తిరుగుతుంటే మా అమ్మీ అల్లా అల్లా అని మొత్తుకునేది. నేనైతే ఒకటే నవ్వుడు. ఇసుక మీద గిట్లనే వండుకునేది, ఇంత చిన్న గిన్నెలనే."

చెన్నూరు ఆమె పుట్టిన ఊరు. అమ్మీ పోయాక అక్కడ ఇంకెవరూ లేరని ఆమె వెళ్ళలేదు, అతనూ తీసుకుపోలేదు. తీరిక ఉన్నప్పుడు పోదామని చాలాసార్లు అన్నాడు. ఈ పుట్టి మాట కూడా ఇదివరకు విన్నట్టే ఉంది, కానీ ఎప్పుడూ సగంలోనే నిద్రపోయినట్టున్నాడు. ఇవాళ చివరిదాకా విన్నాడు. సిగ్గేసింది. ఆమె నవ్వుతూ పుల్లల్ని లోపలికి తోస్తుంటే, పెళ్ళినాటి ముఖం కనిపించి ముద్దొచ్చింది కూడా.

వాకిట్లో చప్పుడు కాగానే ఆమె అతని చేతికి చెంచా ఇచ్చింది. "నువ్వే చేసినవ్. నోరు మూసుకొని ఉండు. సమజైందా?" అని పరదా వెనక్కి పోయింది.

ప్రభాకర్, స్వరాజ్యలక్ష్మి చాప మీద కూర్చున్నారు. ఫజల్ వడ్డించాడు. ప్రభాకర్ ముప్పై దాటిన మనిషి, ఎండకు నల్లబడ్డ ముఖం, మాట తక్కువ. మొదటి ముద్ద తిన్నాడు. రెండోది తిన్నాడు. తర్వాత తనే గిన్నె దగ్గరికి జరిగి వేసుకున్నాడు.

"ఇగ మాట్లాడేదేమున్నది, సీటు నీదే ఫజల్ భాయ్" అన్నాడు, వేళ్ళు నాకుతూ. "అయిదింటికి వ్యాను ఇంటి ముందరనే ఆపుత. రేపటి రాత్రి చెన్నూరు ఒడ్డుకు ఇసుక మీద గుడారాలు వేస్తం. ఆడ నాకు మళ్ళ గిదే ఖిచ్డీ కావాలె."

ఫజల్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. నవ్వు చెవుల దాకా వచ్చింది. అదే నవ్వుతో పరదా వైపు తిరిగాడు. చెన్నూరు అన్న మాటకు పరదా అంచు పట్టుకున్న వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. అవి వదలడం లేదు. ఫజల్ వాటివైపు కాసేపు చూశాడు. తీరిక ఉన్నప్పుడు పోదామని ఇన్నేళ్ళూ అంటూ వచ్చిన మాట గుర్తొచ్చింది. పడవ మీద ఆశ చావలేదు, అబద్ధమెందుకు, చాలా నొప్పిగానే ఉంది. అయినా అనేశాడు.

"ఇది నేను చెయ్యలే సార్."

"ఏంది?"

"నేను చేసింది మేక గూడ తినలే. ఇది మా ఇంటామె చేసింది. సీటు ఆమెది."

పరదా వెనక నుంచి "ఛీ! పిచ్చోడు! నమ్మకున్రి!" అన్న కేక వచ్చింది. స్వరాజ్యలక్ష్మి పగలబడి నవ్వి, లేచి లోపలికే పోయింది. "ఖాలా, మేం అయిదుగురం ఆడోళ్ళం ఉన్నం. మాకు గుడారం వేరే. నువ్వొస్తే మాకే మంచిగుంటది" అంది. బషీరున్నీసా అది కాదంది, ఇది కాదంది. చివరికి, "నేను పోతే ఈయన ఏం తింటడు?" అంది.

"ఊరికంత వండినోన్ని! నా ఒక్కనికి వండుకోలేనా?" అని ఫజల్ గర్జించాడు.

"నువ్వు ఒక్కనికి వండుకుంటే వాడకట్టంత వచ్చి తినాలె" అంది ఆమె. ప్రభాకర్‌కు పొలమారింది. ఆ నవ్వుల్లోనే ఆమె ఒప్పుకున్నదని అందరికీ తెలిసిపోయింది.

సాయంత్రం దాకా ఇల్లంతా హడావిడే. మిరపపొడి మూట కట్టింది, విప్పింది, మళ్ళీ కట్టింది. మేకకు మేత ఎక్కడుందో అతనికి చెప్పింది, మళ్ళీ చెప్పింది. వ్యాను హారన్ మోగింది. ప్రభాకర్ గుమ్మం దగ్గర నిలబడి, "ఖాలా, రబ్బరు పడవ. మొన ఉన్నవి, గాజువి ఏవీ వద్దు" అని ఆమె చేతుల వైపు చూపి, ఇబ్బందిగా పక్కకు తిరిగాడు.

బషీరున్నీసా ముఖం పాలిపోయింది. భర్త ఉండగా చేతులు బోసిగా పెట్టుకోవడమా? "నేను పోను" అంది. ఇందాకటి వద్దులన్నీ బెట్టు, ఇది మాత్రం నిజం.

ఫజల్ చెంబుతో నీళ్ళు, సబ్బుబిళ్ళ తెచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఇటు చూడు. నేను బతికే ఉన్న గద, నీ ముందట్నే ఉన్న. నేనే తీస్తున్న, వచ్చినంక నేనే తొడుగుత" అన్నాడు. మొదటిసారి అతని గొంతు పక్కింటికి వినబడలేదు. ఆమె ఎడమ చెయ్యి ఇచ్చింది. మచ్చల చేతులతో నురగ పట్టించి, ఎముక దగ్గర నొప్పి కాకుండా నొక్కి, ఒక్కొక్క గాజూ తీశాడు. రెండు చేతులవీ తీశాడు. ఒక్కటీ చిట్లలేదు.

వ్యాను కదిలింది. కిటికీలోంచి ఆమె, "రుచి చూసి తిను! ముక్కును నమ్మకు!" అని అరిచింది. సందులోవాళ్ళంతా నవ్వారు, ఫజల్ కూడా నవ్వాడు. వ్యాను పెద్ద రోడ్డు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, కళ్ళు తుడుచుకుని, పొగ అలవాటే కదా అని తనకు తానే చెప్పుకుని లోపలికి వచ్చాడు.

గోడ గూట్లో ఆకుపచ్చ గాజులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, వాటి మీద సబ్బు నురగ ఇంకా ఆరలేదు.